స్లో కుక్కరా, ఇన్‌స్టంట్ పాటా, మన విజిల్ కుక్కరే చాలా?

పోయిన నెల మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. వాళ్ళు డాలస్ వచ్చి ఇంకా ఏడాది కాలేదు, ఇద్దరివీ ఉద్యోగాలే, మూడేళ్ళ బాబు డేకేర్‌కి వెళ్తాడు. "అక్కా, ఇంటికొచ్చేసరికి ఆరున్నర అవుతోంది, వాడు ఆకలని కాళ్ళకు చుట్టుకుంటుంటే నేను ఉల్లిపాయలు తరుగుతూ నిలబడుతున్నా. వారంలో మూడు రోజులు బయట నుంచే తెప్పిస్తున్నాం. ఆఫీసులో అందరూ స్లో కుక్కర్ కొనుక్కోమంటున్నారు, కొనమంటావా?" అని అడిగింది. ఒక్క ముక్కలో చెప్పలేక, ఆ రోజు గంటసేపు మాట్లాడాను. ఆ గంటలో చెప్పినవీ, తర్వాత గుర్తొచ్చినవీ కలిపి ఇక్కడ రాస్తున్నా. ఇదే ప్రశ్నతో ఉన్నవాళ్ళు మన వాళ్ళలో చాలామంది ఉన్నారని నాకు తెలుసు.

నా వంటింట్లో మూడూ ఉన్నాయి. అమ్మ సూట్‌కేసులో చీరల మధ్య పెట్టి పంపిన అయిదు లీటర్ల విజిల్ కుక్కర్, ఆరు క్వార్టుల (క్వార్టు అంటే లీటరుకి కాస్త తక్కువ) స్లో కుక్కర్, అంటే గంటల తరబడి సన్నటి వేడి మీద ఉడికించే కరెంటు కుక్కర్, ఆరు క్వార్టుల ఇన్‌స్టంట్ పాట్ అనే ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్. మూడూ వాడతాను, మూడింటి పనీ వేరు. కొనే ముందు ఏది మంచిదని అడక్కండి. రోజులో మీకు టైము లేనిది ఎప్పుడో అది చూసుకోండి. పొద్దున్నా, సాయంత్రమా, లేక రాత్రి కూడానా? జవాబు అక్కడే ఉంటుంది.

స్లో కుక్కర్ అసలు ఏం చేస్తుంది

చాలామంది దీన్ని టైము మిగిల్చే వస్తువు అనుకుని కొంటారు, అక్కడే దెబ్బతింటారు. స్లో కుక్కర్ మీ పని తగ్గించదు, దాన్ని జరుపుతుంది. సాయంత్రం ఆరున్నరకు చేయాల్సిన పనిని ముందు రోజు రాత్రి తొమ్మిదిన్నరకు, పిల్లలు పడుకున్నాక చేసుకుని, పొద్దున స్విచ్ వేసి వెళ్ళేలా చేస్తుంది. తరగడం, వేయించడం, కడగడం అన్నీ ఉంటాయి. కానీ ఏడుస్తున్న పిల్లాడు కాళ్ళ దగ్గర ఉండడు. ఆ తేడా చాలు అనుకునేవాళ్ళకు ఇది బంగారం. రాత్రి కూడా ఆ అరగంట దొరకదు అనుకుంటే మాత్రం ఇది అటకెక్కుతుంది.

లోపల ఉన్నది చాలా సులువైన ఏర్పాటు. బరువైన సిరామిక్ గిన్నె, దాని చుట్టూ పక్కల నుంచి మెల్లగా వేడెక్కే కాయిల్, పైన గాజు మూత. 'లో', 'హై' అని ఉండే రెండు సెట్టింగుల్లో ఏది పెట్టినా చాలా మోడళ్ళలో చివరికి చేరేది దాదాపు ఒకే వేడికి, అంటే నీళ్ళు మరగడానికి కాస్త కిందకి. లో మీద అక్కడికి చేరడానికి ఎక్కువ గంటలు పడుతుంది, అంతే తేడా. ఆవిరి మూతకు తగిలి మళ్ళీ లోపలికే జారుతుంది కాబట్టి నీళ్ళు ఇగరవు. ఈ ఒక్క ముక్క అర్థమైతే మన వంటలు ఇందులో సగం కుదిరినట్టే.

దీని పుట్టుక కూడా ఒక మత నియమం నుంచే వచ్చింది. ఇర్వింగ్ నాక్సన్ అనే ఆయన అమెరికాలో దీనికి 1940లో పేటెంట్ పొందాడు. లిథువేనియాలో యూదులు శుక్రవారం సాయంత్రం చోలెంట్ అనే మాంసం, చిక్కుడుగింజల కూరను కుండలో పెట్టి బేకరీ పొయ్యిలో వదిలేసేవాళ్ళట, శనివారం వాళ్ళకు విశ్రాంతి దినం, పొయ్యి ముట్టుకోకూడదు కాబట్టి. ఆ సంగతి వాళ్ళ అమ్మ చెబితే విని దీన్ని తయారుచేశాడంటారు. తర్వాత రైవల్ కంపెనీ దాన్ని కొనుక్కుని 1971లో క్రాక్‌పాట్ పేరుతో బజారులోకి తెచ్చింది, అప్పటికి ఉద్యోగాలకు వెళ్తున్న ఆడవాళ్ళు బాగా పెరిగారు కాబట్టి ఇంటింటికీ చేరింది.

మనకు ఇది కొత్తేమీ కాదు. మా అమ్మమ్మ ఇంట్లో పెరట్లో దాలిగుంట ఉండేది. పొద్దున్నే పాలకుండ అందులో పెట్టి, పిడకలు సర్ది నిప్పు రాజేసి, మూత వేసి పొలం పనికి వెళ్ళిపోయేది. సాయంత్రానికి పాలు ఎర్రబడి, పైన వేలు మందాన మీగడ కట్టి, ఇల్లంతా కమ్మటి పొగ వాసన ఉండేది. ఆ మీగడ కింద ఎర్రటి పాలల్లో కాస్త తోడు పడితే ఆ పెరుగు రుచి నాకు ఇప్పటికీ నాలుక మీద ఉంది. ఇంట్లో మనిషి లేని గంటల్ని పొయ్యి చేత పని చేయించుకోవడం మన పల్లెల్లో ఆడవాళ్ళకు ఎప్పటినుంచో తెలుసు.

డబ్బు లెక్క

ముందు కొనే ఖరీదు. ఇక్కడ అమెరికాలో ఆరు క్వార్టుల మామూలు స్లో కుక్కర్, అంటే లో, హై, వార్మ్ (అయిన కూరని వేడిగా ఉంచేది) అని తిప్పే బటన్ మాత్రమే ఉన్నది, 30 నుంచి 40 డాలర్లలో వస్తుంది. టైమర్ ఉన్నది సుమారు 50 నుంచి 60. ఆరు క్వార్టుల ఇన్‌స్టంట్ పాట్ మామూలు రోజుల్లో 80 నుంచి 100 దాకా ఉంటుంది, నవంబరులో థాంక్స్‌గివింగ్ సేల్‌లో బాగా తగ్గుతుంది. విజిల్ కుక్కర్ మీ దగ్గర ఎలాగూ ఉంటుంది.

వాడిన వస్తువులు అమ్మే థ్రిఫ్ట్ షాపుల్లో స్లో కుక్కర్లు పదిలోపు డాలర్లకే కనిపిస్తుంటాయి. కొనండి, తప్పు లేదు. కానీ వండే ముందు ఒక పరీక్ష చేయండి. సగానికి పైగా నీళ్ళు పోసి, లో మీద ఎనిమిది గంటలు వదిలేసి, మూత తీసిన వెంటనే వంటింటి థర్మామీటర్ ముంచి చూడండి. 185 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 85 సెల్సియస్ దాటాలి. అంతకన్నా బాగా తక్కువ ఉంటే ఆ కుక్కర్ మాంసం వండటానికి పనికిరాదు. గిన్నెలో వెంట్రుక వాసి పగులు కనిపించినా వదిలేయండి.

కరెంటు విషయంలో స్లో కుక్కర్ చాలా పొదుపు అని అందరూ అంటారు. లెక్క వేసి చూద్దాం. సుమారు 200 వాట్ల కుక్కర్ ఎనిమిది గంటలు నడిస్తే 1.6 యూనిట్లు. యూనిట్ 15 సెంట్లు అనుకుంటే 24 సెంట్లు. ఇన్‌స్టంట్ పాట్ 1000 వాట్లదే అయినా, ప్రెషర్ ఎక్కాక అప్పుడప్పుడే కరెంటు లాగుతుంది కాబట్టి ఒక కూరకు అర యూనిట్ కూడా పట్టదు. అంటే కరెంటులో గెలిచేది ప్రెషర్ కుక్కరే. అయితే ఆ తేడా రోజుకు 15, 20 సెంట్లు, దాని కోసం టెన్షన్ పడక్కర్లేదు.

అసలు మిగిలేది రెండు చోట్ల. ఒకటి, బయట నుంచి తెప్పించుకోవడం తగ్గడం. మా చెల్లి వాళ్ళకు ఒక రాత్రి ఆర్డర్ చేస్తే టిప్పుతో కలిపి 40 డాలర్లకు తక్కువ కావట్లేదు. అదే మూడు పౌండ్ల చికెన్ డ్రమ్‌స్టిక్స్, ఉల్లిపాయలు, టమాటాలు, మసాలా అన్నీ కలిపినా పది డాలర్లు దాటదు, అది రెండు రాత్రులకు వస్తుంది. వారంలో మూడు రోజుల్లో ఒక్క రోజు ఆర్డర్ ఆగినా మొదటి నెలలోనే కుక్కర్ ఖరీదు వచ్చేస్తుంది. రెండోది, చవక ముక్కలు. ఎక్కువ పనిచేసే కండరాల్లో, అంటే కాళ్ళూ భుజాలూ మెడా ఉన్న చోట నారలాంటి కొల్లాజెన్ ఉంటుంది. మెల్లటి వేడిలో గంటల తరబడి ఉడికితే అది జెలటిన్‌గా కరిగి ముక్కని మెత్తగా, పులుసుని చిక్కగా చేస్తుంది. అందుకే లేత ముక్కల కన్నా చవగ్గా దొరికే గట్టి ముక్కలే ఇందులో బాగుంటాయి. ఖరీదైన చికెన్ బ్రెస్ట్ ఇందులో వేస్తే పీచు పీచుగా ఎండిపోతుంది. అలా వేసి డబ్బు పోగొట్టుకోకండి.

మన వంటల్లో ఏది దేనికి

పప్పుతో మొదలుపెడతా, ఎందుకంటే రోజూ వండేది అదే. కందిపప్పు స్లో కుక్కర్లో ఉడుకుతుంది, మెత్తగానే ఉడుకుతుంది, కానీ ఎందుకు? విజిల్ కుక్కర్లో పదిహేను నిమిషాల పని. టమాటా పప్పు, పాలకూర పప్పు, ముద్దపప్పు, సాంబారు, అన్నం, వీటికి అమ్మ పంపిన కుక్కర్‌ని మించింది లేదు. మీ ఇంట్లో తినేది ఎక్కువగా ఇవే అయితే, శాకాహారులైతే, వారానికోసారి మాత్రమే రాజ్మా, సెనగలు వండుకునేవాళ్ళైతే స్లో కుక్కర్ కొనకండి. డబ్బు దాచుకోండి.

వేపుళ్ళు దేనిలోనూ కుదరవు, వాటికి మూకుడే. బెండకాయ ఇందులో వేస్తే జిగురు ముద్ద. చేపల పులుసు అస్సలు వద్దు, ముక్క విడిపోయి ముళ్ళు మిగులుతాయి. గుత్తి వంకాయ చేసి చూశాను, వంకాయ మెత్తబడింది కానీ నూనె పైకి తేలే ఆ ఇగురు రాలేదు.

ఇక దీనిలో వెలిగిపోయేవి. మటన్ కూర, పాయా, హలీమ్, నల్ల సెనగలు, మినుములతో చేసే దాల్ మఖనీ. పాయా గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మేక కాళ్ళు కడిగి, ఉల్లిపాయ వేయించి, అల్లం వెల్లుల్లి, మిరియాలు, ధనియాల పొడితో రాత్రి పదింటికి లో మీద పెట్టి పడుకుంటే, తెల్లవారుజామున ఆ వాసనకే మెలకువ వస్తుంది. పెదాలు అతుక్కునేంత జిగట ఉంటుంది. శనివారం పొద్దున దోసెల్లోకి అది ఉంటే మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు. ప్రెషర్ కుక్కర్లో కూడా పాయా అవుతుంది, ముక్క మెత్తబడుతుంది, కానీ ఆ చిక్కదనం అంతగా రాదని నా అనుభవం.

హలీమ్‌కి కూడా ఇదే. హైదరాబాదీ హలీమ్‌కి 2010లో జీఐ, అంటే ఆ ఊరిదే అనే భౌగోళిక గుర్తింపు వచ్చింది, రంజాన్ నెలలో మట్టి భట్టీల మీద గంటల తరబడి ఉడికించి కర్రలతో దంచుతారు. ఇంట్లో అంత సీన్ లేదు, కానీ నానబెట్టిన గోధుమ రవ్వ, గుప్పెడు పప్పులు, బోన్‌లెస్ మటన్ తొమ్మిది గంటలు వదిలేసి, సాయంత్రం పప్పుగుత్తితో పది నిమిషాలు ఎనపండి. చివర్లో నెయ్యి, వేయించిన ఉల్లిపాయ, నిమ్మకాయ. భట్టీ రుచికి సాటి రాదు, కానీ పరాయి దేశంలో వారం మధ్యలో ఒక రాత్రి అది తింటే ప్రాణం లేచొస్తుంది.

ఉలవచారు అడిగేవాళ్ళు ఎక్కువ. గంటల తరబడి కాగాలి కాబట్టి ఇందులో బాగుంటుందని అనుకుంటారు. సగమే నిజం. ఉలవలు గట్టివి, వాటిని నానబెట్టి ప్రెషర్ కుక్కర్లో ఉడికించి కట్టు తీసుకోవడమే మేలు. ఆ కట్టు చిక్కబడాలంటే నీరు ఇగరాలి, స్లో కుక్కర్లో మూత పెడితే నీరు ఇగరదు. కాబట్టి కట్టు తీశాక వెడల్పు గిన్నెలో స్టవ్ మీద మరిగించుకోండి. ఉలవచారు విషయంలో స్లో కుక్కర్ ఓడిపోయింది, ఒప్పుకుంటున్నా.

ఎవరూ చెప్పనిది ఒకటుంది, నాకు మాత్రం కుక్కర్ ఖరీదంతా దీనితోనే వసూలైంది. ఉల్లిపాయ మసాలా. ఆదివారం మూడు పౌండ్ల ఉల్లిపాయలు సన్నగా తరిగి, నాలుగు చెంచాల నూనె, కాస్త ఉప్పు వేసి హై మీద పెట్టి, మూత అంగుళం వారగా తీసి వదిలేస్తా. ఆరేడు గంటలకు, మధ్యలో రెండుసార్లు కలిపితే చాలు, తేనె రంగులోకి దిగి ముద్దలా అవుతుంది. ఆఖరి గంటలో అల్లం వెల్లుల్లి ముద్ద, పసుపు, ధనియాల పొడి వేస్తా. చల్లారాక కప్పు కప్పు చొప్పున ఫ్రీజర్ సంచుల్లో చదునుగా నింపి పెడితే అయిదారు కూరలకు సరిపోతుంది. సాయంత్రం ఇంటికొచ్చాక ఒక పలక విరిచి మూకుట్లో వేస్తే, ఉల్లిపాయ వేయించే పాతిక నిమిషాలు లేనట్టే. గుడ్డు కూర పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. ఆ రోజు మాత్రం బట్టల అలమరా, పడకగది తలుపులు వేసేయండి, లేదంటే సోమవారం ఆఫీసుకి ఉల్లిపాయ వాసనతో వెళ్ళాలి.

ఇన్‌స్టంట్ పాట్ ఎవరికి

2010లో కెనడాలో మొదలైన ఇన్‌స్టంట్ పాట్ మన వాళ్ళ ఇళ్ళల్లోకి అంత తొందరగా ఎందుకు చేరిందో తెలిసిందే. ప్రెషర్ కుక్కర్ మనకు పుట్టుకతో తెలుసు, దీనిలో విజిల్స్ లెక్కపెట్టక్కర్లేదు, వేయించే సాటే బటన్ కూడా దీనిలోనే ఉంది, చాలా మోడళ్ళలో పెరుగు తోడుపెట్టే బటన్ కూడా ఉంది. చలికాలంలో పెరుగు తోడుకోక ఏడ్చేవాళ్ళకు ఆ ఒక్క బటన్ చాలు.

పొద్దున ఆలోచించడానికి తీరిక లేక, సాయంత్రం ఇంటికొచ్చాకే 'ఏం వండాలి' అని ఆలోచన మొదలయ్యేవాళ్ళు ఇదే కొనుక్కోండి. నానబెట్టిన సెనగలు అరగంటలో, మటన్ ముప్పావుగంటలో అయిపోతాయి, ప్రెషర్ ఎక్కే టైమూ దిగే టైమూ కలిపితే గంటా పావు అనుకోండి. ఆ గంటా పావు పిల్లాడికి స్నానం చేయించి, పుస్తకం చదివి వినిపించవచ్చు, స్టవ్ దగ్గర నిలబడక్కర్లేదు.

"దాంట్లో స్లో కుక్ బటన్ ఉంది కదా, మళ్ళీ వేరే ఎందుకు?" అని మా చెల్లి అడిగింది. న్యాయమైన ప్రశ్న. ఇన్‌స్టంట్ పాట్ కింద నుంచి మాత్రమే వేడి చేస్తుంది, స్లో కుక్కర్ లాగా పక్కల నుంచి కాదు. అందుకని స్లో కుక్కర్ కొలతలు దానిలో యథాతథంగా కుదరవు. తక్కువ సెట్టింగ్‌లో నా సెనగలు ఎనిమిది గంటల తర్వాత కూడా పంటికింద రాయిలా ఉన్నాయి. ఆ బటన్ వాడాలంటే ఎక్కువ వేడి సెట్టింగ్ పెట్టి, ఇంకో గంటా రెండు గంటలు కలుపుకోవాలి. నెలకోసారి వాడేవాళ్ళకు అది చాలు, వారానికి మూడుసార్లు వాడేవాళ్ళకు చాలదు.

రాజ్మా గురించి దయచేసి ఇది చదవండి

మిగతావన్నీ రుచి సంగతులు, ఇది ఆరోగ్యం సంగతి. ఎండు రాజ్మాని నేరుగా స్లో కుక్కర్లో ఎప్పుడూ వేయకండి. ఎర్ర రాజ్మాలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే లెక్టిన్, అంటే కడుపు పాడుచేసే ఒక రకం ప్రోటీన్, ఉంటుంది. బాగా మరిగితేనే అది చస్తుంది. స్లో కుక్కర్ వేడి చాలాసార్లు అంతవరకూ చేరదు, పైగా 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర అర ఉడుకు ఉడికిన రాజ్మా పచ్చి గింజ కన్నా అయిదు రెట్ల దాకా ఎక్కువ విషంగా మారొచ్చని అమెరికా ఆహార సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిస్తుంది. తిన్న కొన్ని గంటల్లోనే వాంతులు, విరేచనాలు. పిల్లలున్న ఇంట్లో ఆ రిస్కు అక్కర్లేదు.

పద్ధతి సులువే. కనీసం అయిదు గంటలు, వీలైతే రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళతో స్టవ్ మీద అరగంట గలగలా మరిగించి, ఆ తర్వాత కావాలంటే స్లో కుక్కర్లోకి మార్చండి. లేదా విజిల్ కుక్కర్లోనో ఇన్‌స్టంట్ పాట్‌లోనో మెత్తగా ఉడికించండి. డబ్బాలో వచ్చే రాజ్మా ముందే ఉడికినది కాబట్టి ఇబ్బంది లేదు.

మాంసం విషయంలో కూడా రెండు జాగ్రత్తలు. ఫ్రీజర్‌లోంచి గడ్డకట్టిన చికెన్ తీసి నేరుగా వేయకండి. అది వేడెక్కేలోపు బ్యాక్టీరియా పెరిగే వేడిలో, అంటే 40 నుంచి 140 ఫారెన్‌హీట్ మధ్య, గంటలు గడిచిపోతాయి. ముందు రోజే ఫ్రిజ్‌లోకి దించి కరగనివ్వండి. టైమర్ ఉంది కదా అని పచ్చి మాంసం గిన్నెలో పెట్టి 'నాలుగు గంటల తర్వాత మొదలవ్వు' అని సెట్ చేసి వెళ్ళడం కూడా అంతే ప్రమాదం. మీరు లేనప్పుడు కరెంటు పోయి వచ్చిందని తెలిస్తే, మనసు కష్టపడ్డా సరే, ఆ కూర పారేయండి.

కొనాలని నిర్ణయించుకుంటే

టైమర్ ఉన్నదే కొనండి. ఆ ఇరవై డాలర్ల దగ్గర చెయ్యి వెనక్కి తీసుకోకండి. మేం పొద్దున ఏడింటికి బయటపడితే సాయంత్రం ఆరున్నరకు తిరిగొస్తాం, అంటే పదకొండున్నర గంటలు. చికెన్‌కి లో మీద ఆరు గంటలు చాలు. మామూలు కుక్కర్ అయితే మీరు వచ్చే దాకా ఉడికిస్తూనే ఉంటుంది, నా మొదటి నెలలో కూరలన్నీ అలాగే ముద్దయిపోయాయి. టైమర్ ఉన్నది ఆరు గంటలకు తనంతట తానే వార్మ్‌లోకి మారుతుంది. వార్మ్‌లో రెండు మూడు గంటలు ఉన్నా ఫర్వాలేదు. మాలాగా పదకొండు, పన్నెండు గంటలు బయట ఉండేవాళ్ళు మాత్రం ఎముకతో ఉన్న మటన్ లాంటివే పెట్టుకోండి, అది తట్టుకుంటుంది.

సైజు: ఇద్దరూ ఒక చిన్న పిల్లాడూ ఉంటే నాలుగు క్వార్టులు చాలనిపిస్తుంది. కానీ రెండు రోజులకు ఒకేసారి వండుకోవడంలోనే అసలు లాభం, కాబట్టి ఆరు క్వార్టులు తీసుకోండి. గిన్నె సగం నుంచి మూడింట రెండు వంతుల వరకు నిండాలి. అడుగున కొంచెం వేస్తే మాడుతుంది, అంచు దాకా నింపితే ఉడకదు.

ఇక మన రెసిపీలను దీనికి మార్చుకునే తీరు. నీళ్ళు సగం కన్నా తగ్గించండి. రెండు పౌండ్ల మటన్‌కి అర కప్పు చాలు, మాంసమే నీరు వదులుతుంది. కూరలోకి ఉల్లిపాయ పచ్చిగా వేయకండి, ఎనిమిది గంటలు ఉడికినా ఆ పచ్చి వాసన పోదు, వేయించాకే వేయాలి. చింతపండు, గోంగూర, టమాటా పప్పుల్లోకి మొదట్లోనే వేస్తే గింజ గట్టిపడిపోతుంది, ఉడికాక వేయండి. పెరుగు, కొబ్బరిపాలు ఆఖరి అరగంటలోనే, లేకపోతే విరుగుతాయి. కారం, గరం మసాలా గంటల తరబడి ఉడికితే ఘాటు పోయి చప్పబడతాయి, కొంచెం చివర్లో మళ్ళీ వేయండి. అన్నిటికన్నా ముఖ్యం, తాలింపు. వడ్డించే ముందు రెండు నిమిషాలు నెయ్యిలో ఎండుమిర్చి, కరివేపాకు, వెల్లుల్లి చిటపటలాడించి పైన పోయండి. ఆ రెండు నిమిషాలు బద్ధకిస్తే మన కూర మన కూరలా ఉండదు, ఆస్పత్రి భోజనంలా ఉంటుంది. 'స్లో కుక్కర్లో మన వంటలు బాగుండవు' అని తేల్చేసిన చాలామంది తాలింపు దగ్గరే ఆగిపోయినవాళ్ళు.

మూత మాటిమాటికీ తీసి చూడకండి. తీసిన ప్రతిసారీ వేడి పోయి పావుగంటో ఇరవై నిమిషాలో వెనక్కి వెళ్తుంది.

రాత్రి తయారుచేసి పెట్టుకునేటప్పుడు ఇంకో మాట. వండాల్సినవి సిరామిక్ గిన్నెలోనే ఫ్రిజ్‌లో పెట్టకండి. నేను అలాగే పెట్టి, పొద్దున తీసి, ముందే వేడి చేసి ఉంచిన బేస్ మీద పెట్టేశా. సాయంత్రం వచ్చేసరికి గిన్నె నిలువునా చీలి, గోంగూర మటన్ రసమంతా బేస్‌లోకి కారి గడ్డకట్టి ఉంది. చల్లటి సిరామిక్‌కి ఒక్కసారిగా వేడి తగిలితే పగులుతుందని అప్పుడు తెలిసింది. రెండు పౌండ్ల మటన్ పోయింది, కుక్కరూ పోయింది. ఇప్పుడు వేయించిన మసాలా ఒక డబ్బాలో, మాంసం వేరే డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున రెండూ గిన్నెలోకి మార్చి, చల్లటి బేస్ మీదే పెట్టి స్విచ్ వేస్తా. మొత్తం నాలుగు నిమిషాలు.

హైదరాబాదులో, విజయవాడలో ఉన్నవాళ్ళకు

ఇక్కడి నుంచి వెళ్ళే చుట్టాల చేత స్లో కుక్కర్ తెప్పించుకుందామనుకుంటే వద్దు. ఇది 120 వోల్టులది, అక్కడి కరెంటు 230. కాయిల్ మీద దాదాపు నాలుగు రెట్ల భారం పడి మొదటి రోజే కాలిపోతుంది. అక్కడ నా సలహా వేరు. విజిల్ కుక్కర్లో రెండు విజిల్స్ వచ్చాక మంట సన్నగా చేసి ఇరవై అయిదు నిమిషాలు వదిలేయండి, మటన్‌కి అది చాలు. ఇంట్లో లేనప్పుడు ఉడకాలి అంటే గ్యాస్ వదిలి వెళ్ళలేరు కాబట్టి 230 వోల్టుల ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్ కొనుక్కోండి, దానిలో స్లో కుక్ సెట్టింగ్ ఉన్నవీ దొరుకుతాయి. కరెంటు తరచూ పోయే చోట అయితే అదీ వద్దు, ఆదివారం ఉల్లిపాయ మసాలా మూకుట్లో చేసి ఫ్రీజర్‌లో పెట్టుకోవడమే మేలు.

మా చెల్లి సంగతి చెప్పలేదు కదా. వాళ్ళాయన మటన్ లేనిదే వారం గడవదనే మనిషి, తనకేమో రాత్రి బాబు పడుకున్నాక గంట దొరుకుతుంది. "అలాగైతే టైమర్ ఉన్న స్లో కుక్కర్ తీసుకో, ఇన్‌స్టంట్ పాట్ నవంబరు దాకా ఆగు" అన్నా. తీసుకుంది. మొన్న బుధవారం ఏడింటికి ఫోన్ చేస్తే వెనకాల తాలింపు చిటపటలు వినిపిస్తున్నాయి. "అక్కా, రెండు నిమిషాల్లో చేస్తా, వాడికి అన్నం కలిపి పెట్టాలి" అని పెట్టేసింది.